ట్రంకుపెట్టెలో దొరికిన నాన్న

మీ తాతగారి గురించి నాలుగు మాటలు చెప్పమంటే ఏం చెబుతారు? పొలం, పంచెకట్టు, చుట్ట, కోపం... అంతటితో ఆగిపోతాం కదూ! ఆయన యుద్ధంలో పనిచేసి వచ్చినవారైతే మరీ కష్టం. "మిలట్రీలో చేశాడంట" అన్న ఒక్క ముక్కే మిగులుతుంది.

మా వంశంలో అలా ఒక్క ముక్కగా మిగిలిపోయినాయన మా చిన్నతాత. తాతయ్యకి స్వయానా తమ్ముడు. గురజాల దగ్గర పల్లెటూరు. పెళ్లయిన ఏడాదికి, 1943లో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లి, అక్కణ్ణుంచి మద్రాసు చేరి, విమానదళంలో చేరిపోయాడు. 1946లో తిరిగొచ్చాడు. 1951లో జబ్బుచేసి పోయాడు. అప్పటికి మా మేనత్తకి మూడేళ్లు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఊళ్లో 'విమానాలాయన' అనేవాళ్లు. అదిగాక ఇంకో మాట కూడా అనేవాళ్లు. "పెళ్లాన్ని గాలికొదిలేసి గాల్లో తిరిగాడు" అని! తండ్రి గురించి అత్తకి తెలిసింది ఈ రెండు మాటలే.

రెండేళ్ల కిందట నేను నరసరావుపేటనుంచి చూడ్డానికి వెళ్లినప్పుడు అత్త అడిగింది. "నువ్వు చదువుకున్నదానివి గదా, మా నాయన అక్కడ ఏం చేశాడో కనుక్కోవే. విమానం తోలాడా, ఊడ్చాడా? ఏదైనా ఫర్వాలేదు. నాకు తెలియాల."

నూనెగుడ్డలో మూట

వెతుకులాట ఢిల్లీలోనో లండన్‌లోనో మొదలవుతుందనుకుంటాం. మాది అటకమీద మొదలైంది. చిన్న నాయనమ్మ ఇరవై నాలుగేళ్లకే ఒంటరిదై, మిరపచేలల్లో కూలికెళ్లి కూతుర్ని పెంచింది. ఆమెకి చదువు రాదు. కానీ రాత ఉన్న కాగితం ఏదీ పారేసేది కాదు. ఆమె ట్రంకుపెట్టె అడుగున నూనెగుడ్డలో చుట్టిన మూటొకటి దొరికింది. అందులో ఒక డిశ్చార్జి కాగితం, మూడు ఉత్తరాలు, మనియార్డరు ముక్కలు!

డిశ్చార్జి కాగితంలో ఆయన నంబరు, చేరిన తేదీ, వదిలిన తేదీ, చేసిన పని ఉన్నాయి. పని: ఫిట్టర్. అంటే విమానం నడిపినవాడు కాదు, ఊడ్చినవాడూ కాదు. దాన్ని ఎగిరేలా చేసినవాడు.

నేల మీది సైన్యం

భారత విమానదళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో మొదటి విమానాలు చేతికొచ్చాయి. అప్పుడున్నది అయిదుగురు పైలట్లు, పంతొమ్మిదిమంది 'హవాయ్ సిపాయి'లు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి బలగం సుమారు 28,500కి పెరిగింది. అందులో అధికారులు 1,600మంది దాకా ఉంటే, మిగిలినవాళ్లంతా ఫిట్టర్లు, రిగ్గర్లు, వైర్‌లెస్ పనివాళ్లు, బాంబులెక్కించేవాళ్లే!

యుద్ధం మనకి దూరంగా ఏమీ జరగలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలమీద బాంబులు వేశాయి. మన పల్నాడు పొరుగునే ఉన్న దొనకొండలో, అటు గన్నవరంలో ఆ రోజుల్లో విమానాలు దిగేవి. 1944లో బర్మా సరిహద్దున ఇంఫాల్‌లో అర్జన్ సింగ్ నాయకత్వాన ఒకటో స్క్వాడ్రన్ హరికేన్ విమానాలతో పోరాడింది.

ఆ విమానం లేచే ముందు ఫిట్టర్ ఇంజను చూడాలి, నూనె చూడాలి, అంతా బాగుందని ఫారం 700 అనే కాగితంమీద సంతకం చేయాలి. ఆ సంతకాలు పడ్డాకే పైలట్ తన సంతకం పెట్టి విమానం ఎక్కుతాడు. ఈ సంగతి చెబితే అత్త కాసేపు మాట్లాడలేదు. "అయితే తోలేవాడి ప్రాణం మా నాయన చేతిలో ఉండేదన్నమాట" అంది.

విమానం దొరికింది... మనిషేడీ?

పేరున్నవాళ్ల జాడ తేలిగ్గానే తెలుస్తుంది. 1923లో హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో విమానదళంలో చేరారు. ఇంగ్లండ్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్‌లమీద శిక్షణ పొందారు. బర్మా యుద్ధరంగంలో పనిచేశారు. 1947లో పాకిస్తాన్ రమ్మన్నా వెళ్లకుండా మన దేశంలోనే ఉండిపోయారు. 1978 నుంచి 1981 దాకా విమానదళానికి అధిపతి. 2018లో కన్నుమూశారు. ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, సంఘసేవకురాలు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంట్లో రాసేవాళ్లుంటే ఎంత మేలో చూడండి!

మనుషుల సంగతి సరే, యంత్రాలకీ జాతకం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొన్నారు. అందులో ఎఫ్ 1010 అనేది 1918 అక్టోబరులో జర్మన్లకి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకి పెట్టారు. తర్వాత పోలెండు చేరి, 1977లో ఇంగ్లండ్ తిరిగొచ్చి, లండన్ మ్యూజియంలో నిలబడింది. ఒక విమానానికి అంత చరిత్ర! అలాంటి వాటిని బాగుచేసిన ఫిట్టర్‌కో? స్క్వాడ్రన్ రోజువారీ పుస్తకాల్లో ఎగిరిన పైలట్ల పేర్లు ఉంటాయి. నేలమీదివాళ్ల పేర్లు కనపడ్డం అరుదు. అందుకే వాళ్ల చరిత్ర మన ఇళ్లల్లోనే వెతుక్కోవాలి.

భార్య పేరే ఆనవాలు

యుద్ధంలో తిరిగిరానివాళ్ల సంగతి చూస్తుంటే ఒక విషయం నన్ను ఆపేసింది. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు విధుల్లో చనిపోయినవారి పేర్లని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ భద్రపరుస్తోంది. ఈ దిక్కున సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకంమీద చెక్కారు. మొత్తం 24,000కి పైగా పేర్లు! ఆ జాబితాల్లో మనవాళ్ల పేరు పక్కన చాలాచోట్ల ఇలా ఉంటుంది: ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు. ఒకే పేరున్న పదిమందిలో మన మనిషెవరో చెప్పేది ఆ భార్య పేరే.

1965 యుద్ధంలో స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య సర్గోధా దాడికి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన కూలిపోయేముందు శత్రువు స్టార్‌ఫైటర్ విమానాన్ని పడగొట్టాడని మనవాళ్లకి ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. జాన్ ఫ్రికర్ అనే ఇంగ్లీషు రచయిత పాకిస్తాన్ వైపునుంచి రాసిన పుస్తకంలో ఆ సంగతి బయటపడింది. 1988లో, ఇరవై మూడేళ్లకి, ఆయన మహావీర చక్రాన్ని భార్య సుందరి అందుకున్నారు. ఎదురుచూపు ఎవరిదో వేరే చెప్పాలా!

మా మూటలోనూ అంతే. ఆ రోజుల్లో మనియార్డరు వస్తే కూపను ముక్క అందుకున్నవాళ్ల దగ్గర ఉండేది. ముట్టినట్టు వేలిముద్ర వేసిన రసీదు పంపినవాళ్లకి తిరిగి వెళ్లేది. చిన్న నాయనమ్మ దాచిన కూపన్లు పద్నాలుగు. వాటితోపాటు పదకొండు రసీదులూ ఉన్నాయి! అంటే ఆమె వేసిన వేలిముద్రలని ఆయన యుద్ధమంతా దాచుకుని, వెంట తెచ్చుకున్నాడు. ఉత్తరాలమీద ఊరి పేరు లేదు. ఫీల్డ్ పోస్టాఫీసు నంబరూ, సెన్సార్ ముద్రా మాత్రమే ఉన్నాయి. ఎక్కడున్నదీ రాయకూడదు కదా మరి! డబ్బు మాత్రం వచ్చింది. గాలికొదిలేసినవాడు పంపే డబ్బు కాదది.

డిశ్చార్జి కాగితంలో చివర్న గుర్తులు రాశారు. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ఎడమ చెంపమీద పుట్టుమచ్చ. చదివి వినిపిస్తుంటే అత్త తలుపు దగ్గరికెళ్లి నిలబడింది. "అయిదడుగుల ఆరంగుళాలంటే ఎంతవరకొస్తుందే?" అంది. టేపుతో కొలిచి తలుపు చెక్కమీద సుద్దతో గీత గీశాను. అత్త ఆ గీతకేసి తలెత్తి చూసింది. డెబ్బై దాటిన మనిషి, మూడేళ్ల పిల్లలా!

మీరూ వెతుకుతారా?

ముందు ఇంట్లో పాత పెట్టెలు దించండి. అన్నిటికన్నా ముఖ్యం సర్వీసు నంబరు. అదొక్కటి దొరికితే సగం పని అయినట్టే. చెడిన కాగితాలకి టేపు అంటించకండి. ఫొటో తీసుకుని, మడతలు విప్పి, పొడి కవరులో పెట్టండి.

పేర్లని ఒకే విధంగా వెతక్కండి. ఇంటిపేరు ముందుండొచ్చు, వెనకుండొచ్చు, ఒట్టి పొడి అక్షరంగానూ ఉండొచ్చు. ఊరి పేర్లు ఇంగ్లీషులో రకరకాలుగా రాశారు. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పాత కాగితాల్లో గుంటూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం అనే ఉంటుంది.

చనిపోయినవారి కోసం వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఉచితంగా చూడొచ్చు. అధికారుల నియామకాలు, పతకాలు లండన్ గెజెట్‌లో, భారత గెజెట్‌లో అచ్చయ్యాయి. మామూలు ఎయిర్‌మెన్ వివరాలకి ఢిల్లీ సుబ్రతో పార్కులోని విమానదళ రికార్డుల కార్యాలయానికి రాయాలి. ఎలా రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఇంట్లో పెద్దావిడ ఉంటే, కాగితాలకంటే ముందు ఆమె దగ్గర కూర్చోండి. "నాకేం తెలుసే" అనే మొదలుపెడతారు. అయినా వదలకండి. చివరగా ఒక్కమాట. మీ ఇంట్లో ఉన్న ఫొటోల వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. ఆయన పేరు పక్కన ఆమె పేరు కూడా!