సద్ది మూట గడప దాటితేనే...

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వండేది ఇంట్లో, తినేది నలుగురిలో.

చెరువుకట్ట మీద చీకటి పడుతోంది. బతుకమ్మలు నీళ్లలో కదిలి పోయాయి. పసుపు గౌరమ్మను పుస్తెలకు అద్దుకున్న ఆడవాళ్లు గట్టున గుంపులుగా కూర్చుని స్టీలు డబ్బాల మూతలు తీశారు.

“అక్కా, చెయ్యి పట్టు.”

“ఇగ సాలు చెల్లే, నీకేం మిగలదు.”

“మిగిలితే ఇంటికి మొయ్యాలె గద. పట్టు!”

పెసర సత్తు, నువ్వుల సత్తు, పల్లీల సత్తు అరచేతులు మారుతున్నాయి. ఎవరి డబ్బాలోది వాళ్లు తినడం ఇక్కడ మర్యాద కాదు.

సద్ది అంటే నిజానికి రాత్రి మిగిలిన అన్నం, పొద్దున్నే పొలానికి మోసుకుపోయే మూట. దాని పేరే పండుగ చివరి రోజుకు పెట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు వరసగా వచ్చి, చివరికి సద్దుల బతుకమ్మ. ఆరోనాడు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు నైవేద్యమే ఉండదు. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్ద ఈ చేతి నుంచి ఆ చేతికి పోతూనే ఉంది.

పెంక మీద పాత రుచి

జొన్నరొట్టెకు ఓపిక కావాలి. గోధుమపిండికున్న సాగుడు దీనికి లేదు. అందుకే మరిగిన నీళ్లు పోసి పిసకాలి. పీట మీద పొడిపిండి చల్లి, తపతపా కొడుతూ తిప్పుతుంటే ముద్ద వెడల్పవుతుంది. పెంక మీద వేసి, పైన నీళ్లు తుడిచి తిప్పితే పొంగుతుంది. తోడుగా ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు.

1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాక మిర్యాలగూడ వైపు వరి పెరిగింది, రైసుమిల్లులు లేచాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. అన్నం అందరి కంచంలోకి చేరింది, జొన్న పేదోళ్ల తిండిగా మిగిలింది. ఇప్పుడు సాయంత్రమైతే రోడ్డు పక్క రొట్టెల పొయ్యి దగ్గర షుగరున్నవాళ్లు, కార్లు దిగినవాళ్లు, కూలి నుంచి వచ్చినవాళ్లు ఒకే వరసలో నిలబడుతున్నారు. “పెద్దమ్మా, ఇంకో రెండు” అన్న మాట అందరిదీ.

వలసపోయిన పాలమూరు కూలీల మూటలోనూ ఈ జొన్నలే. బొంబాయి కట్టడానికి పోయిన తెలుగు కూలీలైన కామాటీల పేరు మీదే అక్కడ కామాటిపుర వెలసింది.

కుండ దించిన చోటే బంతి

కార్తీకంలో కురుమూర్తి స్వామి కొండ కింద కొత్త మట్టికుండలు పొయ్యెక్కుతాయి. స్వామికి దాసంగం, అంటే నైవేద్యం, పెట్టాక పక్క పొయ్యి వాళ్లను పిలవకుండా విస్తరి వెయ్యరు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరకు గొల్లకురుమలు గొర్రెలతో తరలివస్తారు. వండిన చోటే చుట్టాలందరికీ బంతి.

పొరుగున జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పంపకాన్ని విత్తనం దాకా తీసుకెళ్లాయి. వాళ్ల పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలే ఊరేగుతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు దక్కింది.

ఇంకా దాటని గడప

అయితే ఊరి బతుకమ్మ, దళితవాడ బతుకమ్మ విడివిడిగా ఆడే పల్లెలు ఇప్పటికీ ఉన్నాయి. కురుమూర్తి స్వామికి ఉద్దాలు కుట్టేది వడ్డెమాన్‌లో దళితుల చేతులే. ఆ పాదుకలను అందరూ నెత్తిన పెట్టుకుంటారు. ఆ చేతులు కాల్చిన రొట్టెను మాత్రం ఎన్ని ఇళ్లు తుంచి తింటున్నాయి?

గట్టు మీద డబ్బాల మూతలు పడుతున్నాయి. ఎడంగా కూర్చున్న గుంపు వైపు ఓ చిన్నపిల్ల గుప్పెడు సత్తు పట్టుకుని పరిగెత్తింది. వెనక్కి రమ్మని ఎవరూ పిలవలేదు.