గృహవిద్యలో పెంపుడు జంతువుల పాత్ర

1. ఉపోద్ఘాతం

పిల్లలను బడికి పంపకుండా ఇంటివద్దనే చదివించే పద్ధతిని గృహవిద్య లేదా హోమ్ స్కూలింగ్ అంటారు. బడికి వెళ్ళే పిల్లలు ఇంట్లోని కుక్కతోనో పిల్లితోనో ఉదయం, సాయంత్రం మాత్రమే గడుపుతారు. గృహవిద్యలో ఉన్నవారికి అది రోజంతా తోడుంటుంది. కాబట్టి మేలైనా, ఇబ్బందైనా వీరిపై ఎక్కువగా ఉండవచ్చు.

2. భావోద్వేగ ప్రభావం

కుక్క సమక్షంలో పిల్లలు చికిత్సకునికి సులువుగా చేరువవుతారని అమెరికా మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ 1962లో రాశారు. స్నేహంగా ఉండే కుక్క గదిలో ఉన్నప్పుడు, పైకి చదివే పిల్లల రక్తపోటు తక్కువగా ఉన్నట్లు ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం 1983లో చూపింది. గృహవిద్యలో తరచుగా తల్లే ఉపాధ్యాయురాలు. లెక్క తప్పినప్పుడు కలిగే చిరాకు తల్లీబిడ్డల అనుబంధాన్ని కూడా తాకుతుంది. అటువంటప్పుడు తప్పులు దిద్దని, మార్కులు వేయని శ్రోత ఇంట్లో ఉండటం పిల్లలకు ఊరట.

3. అభ్యసన వనరుగా

పెరట్లో కోడిని పొదగేస్తే దాదాపు 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఆ రోజులను లెక్కించి, రాసిపెట్టుకోవడం జీవశాస్త్ర పాఠమే. మేత తూకం, నెలసరి ఖర్చు గణితమవుతాయి. అయితే జంతువు తనంతట తాను పాఠం చెప్పదు. పెద్దలు ప్రశ్న వేసి, పరిశీలింపజేసినప్పుడే అది పాఠమవుతుంది.

4. పరిమితులు

కాలిఫోర్నియాలో 5,000కు పైగా కుటుంబాల సమాచారంతో ర్యాండ్ సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. పెంపుడు జంతువులున్న ఇళ్ళ పిల్లలు మెరుగ్గా కనిపించారు. కాని ఆదాయం, ఇంటి వసతి వంటి అంశాలను లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా నిలవలేదు. సహసంబంధం కనిపించినంత మాత్రాన కార్యకారణ సంబంధం ఉన్నట్లు కాదని దీనివల్ల మీరు గ్రహించాలి.

జంతువు తోటిపిల్లలకు ప్రత్యామ్నాయం కాదు. వాదించడం, రాజీపడటం, ఆటలో వంతు కోసం ఆగడం తోటివారి మధ్యనే అలవడతాయి. ఇక కుక్కకు రేబిస్ టీకా తప్పనిసరిగా వేయించాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గృహవిద్యలో పెంపుడు జంతువుల ప్రభావం ఎందుకు ఎక్కువగా ఉండవచ్చు?
2. 1983, 2017 అధ్యయనాల ఫలితాలు పరస్పర విరుద్ధమా? మీ మాటల్లో చర్చించండి.