చదరంగపు గళ్ళలో ఇరవై అంకెల సంఖ్య

చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపాలంటే ఎన్ని గింజలు కావాలి? ఈ లెక్కకు జవాబు చెప్పే పద్యం తెలుగులో ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా అది ప్రసిద్ధి.

ఆ పద్యంలో అంకెలుండవు, మాటలే ఉంటాయి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, మన్మథుని శరాలంటే 5, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడినుంచి ఎడమకు రాసుకుంటూ పోతే వచ్చే సంఖ్య ఇది:

18446744073709551615

ఇదెంత పెద్దది? గ్రాముకు 50 గింజలనుకుంటే ఈ వడ్ల బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు! మా శ్రీరాంపూర్ చుట్టూ బొగ్గు గనులే కాబట్టి బొగ్గుతో పోల్చి చూద్దాం. 2023–24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. ఏటా అంతే తీస్తూ పోతే, ఆ వడ్లంత బరువు బొగ్గు తీయడానికి 5,000 ఏళ్ళు దాటుతుంది.

గళ్ళన్నీ కూడనక్కరలేదు. 1+2=3, 1+2+4=7, 1+2+4+8=15. ప్రతిసారీ మొత్తం, తరువాతి గడిలో వేయవలసిన గింజలకంటే ఒకటి తక్కువ. కాబట్టి 64 గళ్ళ మొత్తం 2⁶⁴−1.

ఇప్పుడు మీకు తెలిసిన సూత్రం వాడండి: a²−1 = (a−1)(a+1). దీన్ని మళ్ళీ మళ్ళీ వాడితే మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధమని తేలుతుంది. ఇవన్నీ 2+1, 2²+1, 2⁴+1 వరుసలోనివే. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా భావించాడు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. కాని ఆరోది 641×6700417 అని 1732లో ఆయిలర్ చూపాడు. గుణించి చూడండి.

ఈ కారణాంకాల వల్ల మనకేం లాభం? ఒకసారి మా తరగతిలో ఒక విద్యార్థి ఈ సంఖ్యను బోర్డుమీద రాస్తూ ఒక 4 బదులు 5 వేశాడు. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87, అది 3తో భాగింపబడుతుంది. వాడు రాసినదాని మొత్తం 88. తప్పు వెంటనే దొరికింది! మరొకడు పక్కపక్కనున్న 6, 7లను తారుమారు చేశాడు. మొత్తం మారలేదు గనుక 3 పట్టుకోలేకపోయింది. 17తో భాగించాం, శేషం మిగిలింది. ఒక అంకె మారినా, పక్కపక్కనున్న వేర్వేరు అంకెలు తారుమారైనా 17 తప్పక పట్టిస్తుంది. ఎందుకో ఆలోచించండి.

తాటాకులమీద చేతిరాతతో, నోటిమాటతో వచ్చిన పద్యంలో ఎక్కడైనా ఒక మాట మారిపోవచ్చు. అది సరైనదో కాదో తేల్చుకునే సాధనం ఆ సంఖ్యలోనే దాగి ఉంది. నోటుపుస్తకం తీసి, 17తో మీరే భాగించి చూడండి!