మూత్రం పూర్తిగా రావడం లేదా? నరాల పరీక్ష ఎందుకు చేస్తారంటే

అరవై దాటిన మగవారికి మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తుంటే మన ఇళ్ళలో "ప్రోస్టేట్ అయ్యుంటుంది, వయసు కదా" అనేస్తారు. ఆడవారైతే అసలు బయటికే చెప్పరు. అన్నిసార్లూ కారణం ప్రోస్టేట్ కాదు. మూత్రసంచికి వెళ్ళే నరాలు దెబ్బతిన్నా ఇదే బాధ వస్తుంది. ఏళ్ళ తరబడి ఉన్న షుగరు, నడుములో డిస్కు జారడం, పక్షవాతం, పార్కిన్సన్స్ జబ్బు ఇందుకు కారణం కావచ్చు.

సంచిని ముడుచుకునేలా చేసే నరాలు వెన్నెముక అడుగు భాగం నుంచి వస్తాయి. మలద్వారం చుట్టూ స్పర్శ తెలిసేదీ, అక్కడి కండరం బిగిసేదీ ఆ నరాల వల్లనే. అందుకే డాక్టరు అక్కడ దూదితో, సూదిమొనతో తాకి చూస్తారు. గ్లవ్సు వేసుకున్న వేలు పెట్టి బిగించమంటారు. కాళ్ళలో స్పర్శ, మడమ దగ్గర సుత్తి దెబ్బకు కదలిక కూడా చూస్తారు. సిగ్గుపడి వద్దనకండి.

తర్వాత మూత్రానికి వెళ్ళి రాగానే స్కానింగ్ చేసి, లోపల ఎంత మిగిలిందో కొలుస్తారు. 50 మి.లీ. లోపు ఉంటే మామూలే. నెలల తరబడి 300 మి.లీ. దాటి నిలుస్తుంటే అశ్రద్ధ కూడదు. ఇన్ఫెక్షన్లు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

అవసరమైతే యూరోడైనమిక్స్ పరీక్ష రాస్తారు. సన్నని గొట్టంతో సంచిని సెలైన్ నీటితో నింపి, మూత్రం పోసేటప్పుడు ఒత్తిడి కొలుస్తారు. ఒత్తిడి ఎక్కువగా ఉండి ధార తక్కువైతే దారిలో అడ్డు ఉన్నట్టు. రెండూ తక్కువైతే సంచి కండరానికి బలం లేనట్టు. రెండో రకం వారికి ప్రోస్టేట్ ఆపరేషన్ చేసినా ఆశించినంత గుణం కనబడకపోవచ్చు. కొందరికి రోజూ కొన్నిసార్లు గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్పుతారు. కాబట్టి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు, ముఖ్యంగా పాత షుగరు ఉన్నవారు, "నరాల సంగతి చూశారా?" అని అడగండి.

నడుంనొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి, మూత్రం ఉన్నట్టుండి ఆగిపోతే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే ఆ నరాలు మళ్ళీ కోలుకోకపోవచ్చు.

మన పెద్దలకు ఇంట్లో తెలుగే అలవాటు. తిమ్మిరిని కన్నడంలో జోము అంటారు, మొద్దుబారడాన్ని తమిళంలో మరత్తుపోవడం అంటారు. పిల్లలెవరైనా తోడు వెళ్ళి ఈ మాట డాక్టరుకు సరిగా చేరవేయండి. మూడు రోజులు ఎన్నిసార్లు, ఎంత మూత్రం వచ్చిందో కాగితం మీద రాసుకోండి. వాడే మాత్రలన్నీ, జలుబు మాత్రతో సహా, తీసుకెళ్ళండి. కొన్ని జలుబు మాత్రలు కూడా మూత్రాన్ని ఆపుతాయి.