అంగడికి కావలసిన స్పానిషు

పరభాష నేర్చుట యనగానే వ్యాకరణ గ్రంథము ముందుంచుకొని కూర్చుండవలెనని మనలో పెక్కుమంది తలంతురు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అట్లు జరుగుట లేదు. కర్మాగారములలో పనికై బీహారు, ఒడిశాల నుండి వచ్చిన కుటుంబముల స్త్రీలు “ఎంత”, “అరకిలో”, “చిల్లర” అను మాటలతో తెలుగు మొదలుపెట్టి, క్రమముగా బేరమాడ నేర్చుచున్నారు. కూరగాయల బజారే వారికి పాఠశాల. స్పానిషు నేర్వగోరు మన సోదరీమణులకును ఈ మార్గమే సులభమని మేము తలంచుచున్నాము.

ఆ భాష మనకేల యని కొందరడుగవచ్చును. స్పెయిను, మెక్సికో, దక్షిణ అమెరికా రాజ్యములు మొదలుగా సుమారు 20 దేశములలో అది వ్యవహారభాష. నేడు మన పిల్లలు చదువులకును, ఉద్యోగములకును ఏ దేశమునకు పోవుదురో చెప్పజాలము. అట్టి దేశమునకు భర్తతోనో, బిడ్డలతోనో పోయి, ఉల్లిపాయలు కొనుటకు సయితము సాయంకాలము వారు వచ్చువఱకు కాచుకొని యుండు గృహిణి యెంత చదువుకొన్నదైనను పరాధీనయే. ముప్పది నలువది మాటలు వచ్చినచో ఆ చిక్కు తీరును.

ఉచ్చారణ తెలుగువారికి కష్టము కాదు. అచ్చులు ఐదే, మన అ, ఎ, ఇ, ఒ, ఉ లకు దగ్గరగా నుండును. వ్రాసినట్లే చదువవచ్చును గాని, ‘హెచ్’ అక్షరము పలుకదనియు, ‘జె’ హకారముగను, ‘వి’ బకారమువలెను, జంట ‘ఎల్’ పెక్కు చోట్ల యకారముగను పలుకుననియు గుర్తుంచుకొనవలెను.

మొదట అంకెలు: ఊనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సేయిస్, సియేతే, ఓచో, న్వేబే, దియేస్. వీనిలో ద్వి, త్రి, సప్త, అష్ట, నవ, దశ అను సంస్కృత శబ్దముల పోలిక గోచరించును. ఆ రెండు భాషలు ఒకే మహాకుటుంబమునకు చెందినవి. తిథులు లెక్కించు గృహిణికి ఈ అంకెలు కొత్తవి కావు.

అంగడివానిని చూడగానే “బ్వేనోస్ దియాస్” అని శుభోదయము పలుకవలెను. “క్వాంతో క్వేస్తా?” అనగా వెల యెంత? “మేదియో కీలో దే తొమాతేస్, పోర్ ఫబోర్” అనగా దయచేసి అరకిలో టమాటాలు. చివర “గ్రాసియాస్” అని కృతజ్ఞత తెలుపవలెను; స్పెయినులో దీనినే పెక్కుచోట్ల “గ్రాథియాస్” అందురు. మన “నువ్వు”, “మీరు” వలె వారికి “తూ”, “ఉస్తెద్” కలవు. పరిచయము లేనివారిని “ఉస్తెద్” అనుటయే మర్యాద.

ఇక వంటింటి మాటలు. అర్రోస్ బియ్యము, లేచే పాలు, సాల్ ఉప్పు, సెబోయా ఉల్లి, ఆహో వెల్లుల్లి. చక్కెరను అసూకార్ అందురు. అది మన “శర్కర” శబ్దమే అరబ్బుల నోట మాఱి స్పెయిను చేరినది. చింతపండు తమరిందో, “హిందూదేశపు ఖర్జూరము” అను అరబ్బీ మాటకు అది రూపాంతరము. దక్షిణ అమెరికాలో పాపా యనగా బంగాళాదుంప! స్పెయినులో దానిని పతాతా యందురు. మిరపకాయకు మెక్సికోలో చిలే యని పేరు. ఆ కాయ పుట్టినిల్లును అమెరికా ఖండమే.

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగల పరిశోధనకు ప్రసిద్ధి. ఆ పంటలకును స్పానిషు పేర్లు కలవు. జొన్న సోర్గో, శనగ గర్బాన్సో. దక్షిణ అమెరికా నుండి లోకమంతట వ్యాపించిన వేరుసెనగ అచ్చట మనీ, మెక్సికోలో కకవాతే. పోర్టోరికోలో కందులను గాందూలెస్ అందురు. ఇది మన “కందులు” అను మాటనుండి పుట్టినదని కొందరు, ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు భాషలనుండి వచ్చినదని మఱికొందరు చెప్పుదురు. మూలమేదైనను తెలుగు స్త్రీ ఆ మాటను మఱువదు.

శాకాహారులు మఱింత జాగరూకతతో నుండవలెను. “సిన్ కార్నే”, అనగా మాంసము లేకుండ, అన్నంతమాత్రమున చాలదు. కార్నే యనగా పశుమాంసమే యని తలంచి కోడిని, చేపను వడ్డించువారు కలరు. కావున “నీ పోయో, నీ పెస్కాదో”, అనగా కోడియు వద్దు, చేపయు వద్దు, అని చేర్చవలెను. గ్రుడ్డు వేబో. మెక్సికోలో ఉడికించిన చిక్కుడుగింజలు సయితము తఱచు మాంతేకాతో, అనగా పందికొవ్వుతో వండబడును. అర్జెంటీనాలో అదే మాటకు వెన్న యని యర్థము! కావున ఏ దేశములోనైనను “యేబా మాంతేకా?”, ఇందులో మాంతేకా ఉన్నదా, అని యడిగి, అచ్చట దాని యర్థమేమో తెలిసికొనక తినరాదు. నియమముగలవారికి ఈ యొక్క ప్రశ్నయే అన్నిటికన్న ముఖ్యము.

దినచర్యకు మూడు మాటలు చాలును: ఉదయపు ఫలాహారము దెసాయూనో, మధ్యాహ్న భోజనము కోమీదా, రాత్రి భోజనము సేనా. స్పెయినులో పగటి భోజనము 2 గంటల తరువాత, రాత్రి భోజనము 9 గంటల ప్రాంతమున జరుగును. మధ్యాహ్నము చిన్న అంగళ్లు కొన్ని గంటలు మూసియుంచుట కలదు గనుక, ప్రొద్దుననే బజారు ముగించుకొనుట మేలు.

నేర్చుకొను విధమిది. వంటింటి డబ్బాలపై స్పానిషు పేర్లు తెలుగు లిపిలో వ్రాసి అంటింపుడు. దినమునకు ఐదు మాటల చొప్పున, డబ్బా తెఱచినప్పుడెల్ల పైకి పలుకుడు. మొదటి వారము అంకెలు, రెండవ వారము ధాన్యములు, కూరలు, మూడవ వారము ఆహారనియమపు మాటలు, నాలుగవ వారము బేరము. ఇంటిలోనివారిని అంగడివానిగా కూర్చుండబెట్టి కొనుగోలు నటింపుడు. ఇంకను చదువగోరువారికి హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిషు బోధన కలదు. ప్రయాణము నిశ్చయమైన పిమ్మట తొందరపడుటకంటె, తీరిక యున్నప్పుడే ఈ నెలదినముల పాఠము ముగించుకొనుడని మా మనవి.