డేటాబేసు ఆధారిత క్లెయిములు

వెబ్ అప్లికేషనులోనికి ప్రవేశించిన వాడుకరిని గురించి డేటాబేసులో భద్రపరచిన వివరాలను ఆ వాడుకరి గుర్తింపునకు జతచేయు పద్ధతిని డేటాబేసు ఆధారిత క్లెయిములు అంటారు. వాడుకరి ఎవరో తేల్చుట ధ్రువీకరణ పని. ఆ వ్యక్తి ఏమి చేయవచ్చునో తేల్చుట అనుమతి నిర్ణయం పని. క్లెయిములు ఈ రెంటికి నడుమ వంతెన వంటివి. ఈ వ్యాసంలో ఉదాహరణలు మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ నుండి తీసుకొనబడినవి.

క్లెయిము అనగా

ఒక వ్యక్తిని గురించి మరొకరు చెప్పు మాట క్లెయిము. దీనిలో ముఖ్యమైనవి మూడు: రకం, విలువ, జారీ చేసినవారు. "ఈమె భౌతికశాస్త్ర శాఖకు చెందినది" అని విశ్వవిద్యాలయం చెప్పినపుడు శాఖ అనునది రకం, భౌతికశాస్త్రం విలువ, విశ్వవిద్యాలయం జారీ చేసినది. ఆ మాటను నమ్ముట, నమ్మకపోవుట వినువారి ఇష్టం. ఆర్టీసీ బస్సులో విద్యార్థి పాసు ఇటువంటిదే. కండక్టరు కళాశాలకు ఫోను చేయడు, పాసు మీది ముద్రను నమ్ముతాడు. విద్యార్థి నడిమధ్య చదువు మానివేసినా గడువు తీరువరకు పాసు చెల్లుతుంది. క్లెయిములలోని సౌకర్యం, చిక్కు రెండూ ఇందులోనే ఉన్నవి.

ఈ ఆలోచన పాతదే. శామెల్ ప్రమాణం మొదటి రూపం 2002లో, రెండవ రూపం 2005లో వెలువడినవి. మైక్రోసాఫ్ట్‌కు చెందిన కిమ్ కామెరాన్ 2005లో వ్రాసిన గుర్తింపు సూత్రాలలో క్లెయిము భావన ప్రధానమైనది. 2012లో వచ్చిన డాట్ నెట్ 4.5లో క్లెయిములు మూల గ్రంథాలయంలో భాగమైనవి. ఓపెన్ ఐడీ కనెక్ట్ 2014లో, జేసన్ వెబ్ టోకెను ప్రమాణం 2015లో వచ్చినవి.

నిల్వ

ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ ఐడెంటిటీలో వాడుకరి క్లెయిములకు ఒక ప్రత్యేక పట్టిక కలదు. దానిలో వరుస సంఖ్య, వాడుకరి సంఖ్య, క్లెయిము రకం, క్లెయిము విలువ అను నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. పాత్రలకు ఇచ్చు క్లెయిములకు వేరొక పట్టిక ఉన్నది. నిజానికి పాత్ర కూడా ఒక రకపు క్లెయిమే. విలువ ఎల్లప్పుడు అక్షరమాలగానే నిలువ ఉంటుంది గనుక తేదీలను, సంఖ్యలను ఒకే పద్ధతిలో వ్రాయవలెను. "05/06" అని వ్రాసినచో మే నెల 6వ తేదీయో, జూన్ నెల 5వ తేదీయో తెలియదు.

జతచేయు విధానం

మొదటి విధానంలో ప్రవేశ సమయంలోనే డేటాబేసు నుండి క్లెయిములను చదివి కుకీలో ఉంచుతారు. ఐడెంటిటీలో ఈ పనిని ప్రిన్సిపల్ ఫ్యాక్టరీ అను భాగం చేస్తుంది. కుకీ గుప్తీకరింపబడి బ్రౌజరుకు పోతుంది, ప్రతి అభ్యర్థనతో తిరిగి వస్తుంది. డేటాబేసును మరల అడుగనక్కరలేదు. అయితే బ్రౌజర్లు ఒక కుకీకి సుమారు 4,096 బైట్ల వరకే చోటిస్తాయి. అంతకు మించినచో దానిని ముక్కలు చేసి పంపవలసి వచ్చును. వందల కొద్దీ అనుమతులను కుకీలో నింపుట మంచి పద్ధతి కాదు.

రెండవది క్లెయిముల పరివర్తన. ధ్రువీకరణ ముగిసిన తరువాత ప్రతి అభ్యర్థనలోనూ ఒక తరగతి నడిచి, కొత్త క్లెయిములను చేర్చును. గూగుల్ వంటి బయటి ఖాతాతో ప్రవేశించువారికి ఇది అనువైనది, ఏలయనగా అప్లికేషనులో వారికి గల అధికారాలు బయటి సంస్థకు తెలియవు. ఈ తరగతి ఒకే అభ్యర్థనలో ఒకటి కంటె ఎక్కువ మార్లు పిలువబడవచ్చును. క్లెయిము ముందే ఉన్నదేమో చూడక చేర్చినచో అదే క్లెయిము రెండు మూడు మార్లు కనిపించును. ప్రతిసారి డేటాబేసు వద్దకు పోకుండా కొద్ది నిమిషాల పాటు ఫలితాన్ని జ్ఞాపకంలో ఉంచుకొనుట వాడుక.

బయటి ఖాతాను డేటాబేసులోని వరుసతో కలుపుటకు ఈమెయిలు చిరునామాను వాడుట తరచు జరిగే పొరపాటు. చిరునామా మారవచ్చును, ఒకరు వదలినది మరొకరికి దక్కవచ్చును. అపుడు కొత్తవారికి పాతవారి అధికారాలు సంక్రమించును. ఓపెన్ ఐడీ కనెక్ట్‌లో జారీ చేసినవారి పేరు, వారు వాడుకరికి ఇచ్చిన సబ్ అను గుర్తు, ఈ రెంటిని కలిపి మాత్రమే ఆధారంగా తీసుకొనవలెను.

పాతబడిన క్లెయిములు

అన్నిటికంటె పెద్ద సమస్య ఇది. మార్కులు నమోదు చేయు అధికారం గల ఒక పరీక్షకుడిని ఆ పని నుండి తప్పించి, డేటాబేసులోని వరుసను తొలగించారనుకొనుడు. అతని బ్రౌజరులోని కుకీకి ఆ సంగతి తెలియదు. కుకీ గడువు మామూలుగా 14 రోజులు, వాడుతున్న కొలది అది పొడిగింపబడుతుంది. ఐడెంటిటీ 30 నిమిషాలకొకసారి వాడుకరి వరుసను మరల చదివి, అందలి సెక్యూరిటీ స్టాంపును కుకీలోని దానితో సరిచూస్తుంది. సరిపోలకున్నచో బయటకు పంపును, సరిపోలినచో క్లెయిములను కొత్తగా నింపును. అనగా 10:00 గంటలకు సరిచూసి 10:01కి అధికారం తీసివేసినచో, 10:30 వరకు మార్కులు దిద్దవచ్చును. స్టాంపును మార్చినంత మాత్రాన ఈ వ్యవధి తగ్గదు, వ్యవధినే తగ్గించవలెను. సున్నాకు తగ్గించినచో ప్రతి అభ్యర్థనకు డేటాబేసు ప్రశ్న తప్పదు.

జేసన్ వెబ్ టోకెనుల విషయం మరింత కఠినం. టోకెను గడువు తీరువరకు చెల్లుతుంది. పైగా ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ గడియారాల తేడా కొరకు మామూలుగా మరో 5 నిమిషాల వెసులుబాటు ఇస్తుంది. అందువలన గడువు తక్కువగా పెట్టుట వాడుక. సాధారణంగా టోకెనుపై సంతకం మాత్రమే ఉండును, గుప్తీకరణ ఉండదు. చేతికందిన ఎవరైనా లోపలి క్లెయిములను చదువగలరు. జీతం, వ్యాధి వంటి వివరాలు అందులో ఉండరాదు. డబ్బు, మార్కులు, వైద్యం వంటి వాటిని తాకు పనులకు క్లెయిమును నమ్మక, ఆ క్షణంలో డేటాబేసునే అడుగుట మేలు.

సరిచూచునపుడు క్లెయిము రకంలో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకొనరు గాని, విలువలో పట్టించుకొంటారు. అనేక డేటాబేసు అమరికలలో ఈ తేడా ఉండదు కనుక, డేటాబేసులో సరిపోయిన విలువ అనుమతి తనిఖీలో సరిపోకపోవచ్చును.