ఏ నాబ్ ఏం చేస్తదో చేతికి ఎరుకుండాలె

ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్, చిన్న మిడి కీబోర్డ్ ఉంటే చాలు, ఇయ్యాల ఊర్లె కూసొని పాటకు మ్యూజిక్ కట్టొచ్చు. కట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు. కాని కిస్తుల మీద కొన్న ఆ కీబోర్డ్‌కున్న ఎనిమిది నాబ్‌లను చానామంది ముట్టుకోనే ముట్టుకోరు. ఒక సింథ్‌ల మొదటి నాబ్ తిప్పితే వాల్యూమ్ పెరుగుతది, ఇంకో సింథ్‌ల గదే నాబ్‌తోని సప్పుడే మారిపోతది. ఏది దేనికో యాదికుండదు. ఆఖరికి మౌసే దిక్కైతది.

గిట్ల ఎందుకైతది? నాబ్‌లకెల్లి సప్పుడు రాదు. తిప్పినప్పుడు అది రెండు అంకెలు పంపుతది: ఒకటి నంబర్, ఇంకోటి ఎంత తిప్పినమనే లెక్క. రెండూ 0 నుంచి 127 లోపలనే. దీన్నే సీసీ అంటరు. 1983 జనవరిల అమెరికాల సీక్వెన్షియల్, రోలాండ్ కంపెనీల కీబోర్డ్‌లను తీగతోని కలిపి వాయించి చూపెట్టిండ్రు. అప్పటిసంది ఏ కంపెనీదైనా మిడి ఒక్కటే భాష. అయితే ఏ నంబర్ వస్తే ఏం చేయాలన్నది మాత్రం సింథ్ సింథ్‌కు మారుతది. గక్కడ్నే కిరికిరి.

దీనికి మందు సాఫ్ట్‌వేర్‌ల లేదు, కాగితం మీద ఉన్నది. సింథ్‌ల వందల సెట్టింగ్‌లున్నా, పాట నడిచేటప్పుడు చెయ్యి పోయేది ఏడెనిమిదింటి మీదికే. వాటిని గిట్ల పంచుకోవచ్చు.

పై వరుస: మొదటిది కటాఫ్, నంబర్ 74. సప్పుడు మీద దుప్పటి కప్పేది, తీసేది ఇదే. రెండోది రెజొనెన్స్, 71. మూడోది అటాక్, 73, అంటే సప్పుడు ఎంత జల్ది లేవాల్నో. నాలుగోది రిలీజ్, 72, కీ ఇడిసినంక ఎంతసేపు మోగాల్నో.

కింది వరుస: ఐదోది సప్పుడును ఊపే ఎల్‌ఎఫ్‌ఓ. దీనికి ఏ పనికీ కేటాయించని 20 నంబర్ పెట్టుకోవచ్చు. ఆరోది కోరస్, 93. ఏడోది రివర్బ్, 91. ఎనిమిదోది వాల్యూమ్, 7. సస్టెయిన్ పెడల్ నంబర్ 64ను, 120 నుంచి 127 దాకా ఉన్న నంబర్లను నాబ్‌లకు పెట్టొద్దు. వాటి పనులు వేరే.

ఇగ ఒక్కో సింథ్‌ను తెరిచి కలుపుడే. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అసొంటివి పైస లేకుండనే దొరుకుతయి. కటాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి, మిడి లెర్న్ నొక్కి, మొదటి నాబ్ తిప్పితే అతుక్కుంటది.

ఒక్క కట్టుబాటు మాత్రం తప్పొద్దు: అన్ని సింథ్‌లల్ల ఆ నాబ్‌కు ఆ పనే. ఏదన్న సింథ్‌ల కోరస్ లేదనుకోండ్రి, ఆరో నాబ్‌ను ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. ఖాళీగున్నది కదా అని ఇంకోటి తగిలిస్తే మళ్ల ఆగమే.

స్టేజీ మీద ఇంకో గండం ఉంటది. నాబ్ పైదాకా తిప్పి ఉన్నది, కొత్త పాటకు సింథ్‌ల వాల్యూమ్ తక్కువున్నది అనుకుందాం. నాబ్‌ను జర కదిపినా వాల్యూమ్ ఒక్కపారి ఎగిరి దుంకుతది. బాక్సులకూ చెవులకూ దెబ్బే. అందుకే సెట్టింగ్‌లల్ల పికప్ లేకుంటే సాఫ్ట్ టేకోవర్ ఉన్నదా చూడుండ్రి. అది పెడితే నాబ్ అసలు విలువ కాడికి వచ్చేదాక సింథ్ కదలదు. ఆగకుండ సుట్టూ తిరిగే నాబ్‌లకైతే ఈ బాధ ఉండకపోవచ్చు.

అన్నీ కుదిరినంక సేవ్ చేసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌ల ఏసుకోండ్రి. నాబ్‌ల కింద టేప్ అతికిచ్చి పేర్లు రాయుండ్రి. నెల రోజులు వాయిస్తే ఆ టేప్ దిక్కు చూసే పని కూడ ఉండదు.

గింత తిప్పలు ఎందుకంటరా? రెడీమేడ్ సప్పుడు లోకంల అందరి ల్యాప్‌టాప్‌లల్ల ఒక్కతీర్గనే ఉంటది. పాడేటామె గొంతు లేసినప్పుడు దాన్ని సూసుకుంట సప్పుడును లేపేది మీ చెయ్యే. మౌస్ ఎతుక్కుంట కూసుంటే ఆ క్షణం దాటిపోతది.